మేధో వైకల్యం ఉన్న పిల్లల ఆటలకు సర్కారు సాయం: తరచుగా అడిగే ప్రశ్నలు

మా వాడికి పదహారేళ్లు. ఆరేళ్లుగా వాణ్ని వారానికి మూడు రోజులు గ్రౌండ్‌కి తీసుకెళ్తున్నాను. అక్కడ చెట్టు కింద కూర్చునే తోటి అమ్మలు, స్పెషల్ టీచర్లు, ఒకరిద్దరు పీఈటీ సార్లు మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలివి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాస్తున్నాను.

ముందే ఒక మాట. మన పిల్లల ఆటలకు ప్రభుత్వం దగ్గర డబ్బే లేదనుకోవడం తప్పు. ఉంది. కాకపోతే అందరికీ కనబడేది పతకం వచ్చాక ఇచ్చే డబ్బు. పతకానికి ముందు రోజూ కావలసినవి వేరే: ఆటో చార్జీలు, బూట్లు, కోచ్, గ్రౌండ్. వీటికి పనికొచ్చే డబ్బు నాలుగైదు శాఖల్లో ముక్కలు ముక్కలుగా ఉంది. ఏ పేరుతో, ఎవరి దగ్గర అడగాలో తెలియక వదిలేసుకుంటున్నాం.

మేధో వైకల్యం అంటే ఏమిటి? ఆటిజం, డౌన్ సిండ్రోమ్ కూడా ఇందులోకే వస్తాయా?

నేర్చుకోవడంలో, ఆలోచించడంలో, రోజువారీ పనులు చేసుకోవడంలో చిన్నప్పటి నుంచే ఉండే ఇబ్బందిని మేధో వైకల్యం అంటారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో మేధో వైకల్యం ఒకటి, ఆటిజం ఇంకొకటి, మానసిక వ్యాధి మరొకటి. మూడూ వేరు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు సాధారణంగా మేధో వైకల్యం కిందికే వస్తారు. ఆటిజం ఉన్నవాళ్లలో కొందరికి రెండూ ఉంటాయి.

సర్టిఫికెట్‌లో శాతం ఎలా వేస్తారని చాలామంది అడుగుతారు. పిల్లవాడు తన పనులు తాను ఎంతవరకు చేసుకుంటున్నాడో చూసి వేస్తారు. తక్కువ స్థాయి అయితే 50 శాతం, మధ్యస్థం అయితే 75, తీవ్రం అయితే 90, అతి తీవ్రం అయితే 100. సరిహద్దులో ఉన్న పిల్లలకు 25 శాతమే వేస్తారు. ప్రభుత్వ పథకాల్లో చాలావాటికి 40 శాతం కావాలి కాబట్టి, ఈ సరిహద్దు పిల్లల దగ్గరే ఎక్కువ ఇబ్బంది వస్తుంది. వైకల్యాన్ని ధ్రువపరిచే సదరం సర్టిఫికెట్, యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డు చేతికి రాగానే పేరు స్పెల్లింగ్, పుట్టినతేదీ ఆధార్‌తో కలుస్తున్నాయో లేదో అక్కడే చూసుకోండి. తర్వాత పాస్‌పోర్టు దగ్గర ఒక్క అక్షరం తేడా వచ్చినా పోటీకి వెళ్లే ముందు బోలెడు టెన్షన్.

స్పెషల్ ఒలింపిక్స్, పారాలింపిక్స్ ఒకటేనా?

కాదు. ఆఫీసుల్లో కూడా చాలామందికి ఈ తేడా తెలియదు. మనం సరిగ్గా చెప్పకపోతే మన కాగితం వేరే టేబుల్ మీదకు వెళ్లి అక్కడే ఉండిపోతుంది.

స్పెషల్ ఒలింపిక్స్‌ను యూనిస్ కెనడీ శ్రైవర్ అనే ఆవిడ 1968 జులై 20న అమెరికాలోని షికాగోలో మొదలుపెట్టారు. ఇది మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసమే. ఎనిమిదేళ్లు నిండిన ఎవరైనా పోటీపడవచ్చు, పై వయసుకు హద్దు లేదు. ముందుగా ఒక రౌండు పెట్టి, దాదాపు సమానమైన సత్తా ఉన్నవాళ్లను ఒక గుంపుగా చేస్తారు. దీన్ని డివిజనింగ్ అంటారు. ఒక్కో డివిజన్‌కూ విడిగా పతకాలుంటాయి. వంద మీటర్లు 14 సెకన్లలో పరిగెత్తే అబ్బాయికీ, 30 సెకన్లు పట్టే అబ్బాయికీ ఇద్దరికీ నిజమైన పోటీ దొరికేది అందుకే.

పారాలింపిక్స్ అలా కాదు. అక్కడ ప్రపంచ స్థాయి అర్హత సమయం అందుకోవాలి. శారీరక వైకల్యం, చూపు లోపం ఉన్నవాళ్లతో పాటు మేధో వైకల్యం ఉన్నవాళ్లకూ కొన్ని ఈవెంట్లు ఉంటాయి. ఐక్యూ 75 లేదా అంతకంటే తక్కువని, చిన్నప్పటి నుంచే ఆ ఇబ్బంది ఉందని విర్టస్ అనే అంతర్జాతీయ సంస్థ కాగితాలు చూసి ఒప్పుకోవాలి. ఆ తనిఖీ అంత గట్టిగా ఉండటానికి కారణం ఉంది. 2000 సిడ్నీ పారాలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ స్వర్ణం గెలిచిన స్పెయిన్ జట్టులో 12 మందికి 10 మందికి అసలు వైకల్యమే లేదని తర్వాత బయటపడింది. కొందరు పెద్దవాళ్లు చేసిన మోసానికి ప్రపంచంలోని మేధో వైకల్యం ఉన్న క్రీడాకారులందరూ శిక్ష అనుభవించారు. 2012 లండన్ దాకా వాళ్లకు పారాలింపిక్స్‌లో చోటే లేదు. లండన్‌లో మళ్లీ తెరిచినప్పుడు కూడా అథ్లెటిక్స్, ఈత, టేబుల్ టెన్నిస్ మూడింటికే.

మన దీప్తి జివాంజి వచ్చింది ఆ తలుపులోంచే. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి. 2024 మేలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్ల టీ20 విభాగంలో (మేధో వైకల్యం ఉన్నవాళ్ల పరుగు విభాగం) 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. మేధో వైకల్యం ఉన్న భారత క్రీడాకారుల్లో పారాలింపిక్ పతకం గెలిచిన మొదటి మనిషి మన తెలుగు పిల్ల. ఊళ్లో జనం ఆ పిల్లను ఏమేం మాటలన్నారో తల్లిదండ్రులే పత్రికలకు చెప్పుకున్నారు. అవి చదివినప్పుడల్లా నాకు మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద విన్న మాటలు గుర్తొస్తాయి.

ఇది ప్రభుత్వం దయతో ఇచ్చేదా, మన హక్కా?

హక్కే. 2016 చట్టంలో సెక్షన్ 30 మొత్తం ఆటల గురించే. దివ్యాంగులు క్రీడల్లో పాల్గొనేలా ప్రభుత్వం చర్యలు తీసుకోవాలని, క్రీడా సంస్థలు తమ పథకాల్లో వాళ్లకు చోటు పెట్టాలని, శిక్షణ సదుపాయాలకు నిధులు కేటాయించాలని, వైకల్యాన్ని బట్టి పోటీలు నిర్వహించి గెలిచినవాళ్లకు అవార్డులు అందేలా చూడాలని అందులో ఉంది.

ఎవరూ చదవని ఇంకో సెక్షన్ ఉంది, 37. రాయితీ ధరకు ప్రభుత్వం ఇచ్చే స్థలాల్లో దివ్యాంగులకు 5 శాతం కేటాయించాలని చెబుతుంది. ఆ స్థలాలు ఏ అవసరాలకో రాసిన జాబితాలో ఇళ్లు, వ్యాపారాలతో పాటు వినోద కేంద్రాలు కూడా ఉన్నాయి. పేరెంట్స్ అసోసియేషన్ రిజిస్టర్ అయి ఉంటే ఆటస్థలం కోసం ఈ సెక్షన్ రాసి అడగండి.

ఒకసారి మేం ఆరుగురం తల్లిదండ్రులం స్టేడియంలో ఉదయం గంట సేపు ట్రాక్ వాడుకుంటామని ఒక ఆఫీసుకు వెళ్లాం. "మీ పిల్లలకు ఫిజియోథెరపీ ఇస్తున్నాం కదమ్మా, మళ్లీ ఇదెందుకు?" అన్నారు. ఆ రోజు తిరిగొచ్చేశాం. రెండో సారి సెక్షన్ 30 నంబరు వేసి, పిల్లల పేర్లు, సర్టిఫికెట్ నంబర్లు, కావలసిన రోజులు, టైము రాసి, రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద స్టాంపు వేయించుకున్నాం. మూడు వారాల్లో అనుమతి వచ్చింది. నోటి మాటకు జవాబు చెప్పాల్సిన పని ఎవరికీ లేదు. స్టాంపు పడ్డ కాగితానికి జవాబు రాయక తప్పదు.

కేంద్రం డబ్బు ఏ దారిలో వస్తుంది?

ముఖ్యంగా రెండు దారులు. మొదటిది జాతీయ క్రీడా సమాఖ్యలకు ఇచ్చే సాయం. స్పెషల్ ఒలింపిక్స్ భారత్ 2001లో ట్రస్టుగా రిజిస్టరైంది. 2006లో కేంద్రం దాన్ని మేధో వైకల్యం ఉన్నవాళ్ల క్రీడలకు జాతీయ సమాఖ్యగా గుర్తించింది. ఈ గుర్తింపు ఉన్న సంస్థలు ఏడాదికి శిక్షణ, పోటీల క్యాలెండర్ వేసి కేంద్ర క్రీడా శాఖకు ఇస్తాయి. ఒప్పుకున్న క్యాంపులకు, విదేశీ పోటీలకు అక్కడి నుంచి డబ్బు వస్తుంది. 2025-26 బడ్జెట్‌లో అన్ని సమాఖ్యలకూ కలిపి పెట్టింది 400 కోట్లు. క్రికెట్ బోర్డు ఈ సాయం తీసుకోదు గానీ మిగతా ఆటలన్నీ ఈ మొత్తంలోంచే పంచుకోవాలి.

రెండోది ఖేలో ఇండియా అనే కేంద్ర క్రీడా పథకం. అదే ఏడాది దానికి 1,000 కోట్లు. ఇందులో క్రీడల ద్వారా అందరినీ కలుపుకుపోయే విభాగం ఒకటుంది. మహిళలు, గిరిజన క్రీడలు, దివ్యాంగుల క్రీడలు దానిలోకే వస్తాయి.

ఇవి కాక సామాజిక న్యాయ శాఖ గ్వాలియర్‌లో దివ్యాంగుల కోసమే ఒక క్రీడా శిక్షణ కేంద్రం కట్టింది. 2019లో దానికి సుమారు 171 కోట్లు మంజూరైంది. మంచి కేంద్రమే. అయితే మన పిల్లల్లో చాలామంది అమ్మ పక్కన లేకుండా ఒక్క రాత్రి కూడా పడుకోలేరు. వాళ్లకు గ్వాలియర్ కంటే వీధి చివరి గ్రౌండే ఎక్కువ అవసరం. ఇంత డబ్బూ క్యాంపుల దాకా, పెద్ద పోటీల దాకా వస్తుంది. జిల్లా, మండలం దాకా వచ్చేసరికి సన్నబడిపోతుంది. నా బాధంతా అక్కడే.

మరి మా మండలంలో ఏం అడగొచ్చు?

బడి దగ్గరే మొదలుపెట్టండి. సమగ్ర శిక్ష అనే బడుల పథకంలో ప్రతి ప్రభుత్వ బడికీ ఏటా స్పోర్ట్స్ గ్రాంట్ ఉంటుంది. ప్రాథమిక పాఠశాలకు 5,000 వరకు, ప్రాథమికోన్నతకు 10,000 వరకు, హైస్కూలుకు 25,000 వరకు. ఆ డబ్బుతో కొన్న బంతులు, తాళ్లు, నెట్లు మన పిల్లలవి కూడా. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం అదే పథకంలో విడిగా తలకు ఏడాదికి 3,500 లెక్కన నిధులు ఉంటాయి. అది మన చేతికిచ్చే డబ్బు కాదు, ఉపకరణాలకు, థెరపీకి, టీచర్లకు, ప్రయాణానికి వాడేది.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం మండలంలో ఎక్కడుందో ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసులో అడగండి. అక్కడి రిసోర్స్ పర్సన్లతో (ప్రత్యేక టీచర్లతో) మాట్లాడి, వారంలో రెండు రోజులు ఆటలకు కేటాయించమనండి. పక్క హైస్కూలు పీఈటీ సార్‌ని ఒక గంట పంపమని ఇద్దరూ కలిసి ఎంఈవోకు ఉత్తరం రాస్తే ఖర్చు లేకుండా కోచ్ దొరికినట్టే. మాకు బోచీ ఆట మొదలైంది ఇలాగే. రంగు బంతుల్ని నేల మీద దొర్లించి, చిన్న తెల్ల బంతికి దగ్గరగా ఆపడమే ఆట. సార్ సున్నంతో గీత గీస్తే, మా వాడు మొదటి నెలంతా బంతి వేయకుండా ఆ గీతను కాలితో తొక్కి చెరిపేవాడు. రెండో నెలలో ఒక రోజు గీత వెనక ఆగాడు. పాదాలు రెండూ కలిపి, గీతకు ఒక్క అంగుళం వెనక. సార్ ఈలవేసి "శభాష్‌రా" అన్నాడు. బంతి ఎటు పోయిందో నాకు గుర్తు లేదు.

పోటీలకు పిల్లల దగ్గర ఎంట్రీ ఫీజు తీసుకోవచ్చా?

స్పెషల్ ఒలింపిక్స్ నియమాల ప్రకారం శిక్షణకు, పోటీకి క్రీడాకారుడి దగ్గర గానీ కుటుంబం దగ్గర గానీ ఫీజు తీసుకోకూడదు. ఎవరైనా "రిజిస్ట్రేషన్‌కి ఇంత, సెలక్షన్‌కి ఇంత" అని అడిగితే రసీదు అడగండి.

ప్రయాణం ఖర్చుకే మా ప్రాణం పోతోంది. దానికేమైనా ఉందా?

నాకూ అంతే. పోను రాను ఆటోకు 120, వారానికి మూడు సార్లు. నెలకు పదిహేను వందలు. ఆటల ఖర్చంటే అందరూ బూట్లు, జెర్సీలు అనుకుంటారు, అసలు ఖర్చు దారిలోనే.

రైల్లో మాత్రం మంచి రాయితీ ఉంది. తోడు లేకుండా ప్రయాణం చేయలేని మేధో వైకల్యం ఉన్నవాళ్లకు స్లీపర్, థర్డ్ ఏసీలలో 75 శాతం, సెకండ్ ఏసీ, ఫస్ట్ ఏసీలలో 50 శాతం తగ్గింపు. వెంట వెళ్లే ఒక మనిషికీ అంతే తగ్గుతుంది. రాజధాని, శతాబ్ది రైళ్లలో తగ్గింపు తక్కువ. దీనికి రైల్వే ఇచ్చే దివ్యాంగుల గుర్తింపు కార్డు ముందే తీసుకోవాలి, పోటీ తేదీ వచ్చాక పరుగెత్తితే కుదరదు. రాష్ట్ర స్థాయి పోటీలకు బడి తరఫున వెళ్తుంటే, తోడు వచ్చే తల్లి ఖర్చు కూడా ప్రతిపాదనలో రాయమని హెడ్మాస్టర్‌ని అడగండి. అడగకపోతే ఆ వరుస ఖాళీగానే వెళ్తుంది.

పతకం వస్తే ఎంత ఇస్తారు?

అంతర్జాతీయ పోటీల విజేతలకు కేంద్ర క్రీడా శాఖ నగదు పురస్కారాల పథకం ఉంది. 2025 మార్చిలో ఇటలీలోని టురిన్‌లో జరిగిన స్పెషల్ ఒలింపిక్స్ శీతాకాల క్రీడల్లో మనవాళ్లు 33 పతకాలు తెచ్చారు. వాళ్లకు స్వర్ణానికి 20 లక్షలు, రజతానికి 14 లక్షలు, కాంస్యానికి 8 లక్షలు ప్రకటించారు. పారాలింపిక్స్‌లో స్వర్ణానికి 75 లక్షలు, రజతానికి 50, కాంస్యానికి 30.

రాష్ట్రాలు విడిగా ఇస్తాయి. పారిస్ నుంచి వచ్చిన దీప్తికి తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, వరంగల్‌లో 500 గజాల స్థలం, కోచ్‌కు 10 లక్షలు ప్రకటించింది. చాలా సంతోషించాను. దీప్తి పరుగును మొదట గమనించింది, ఖర్చులు పెట్టుకుని నిలబడింది ఒక కోచ్, కొందరు దాతలు. అటువంటి మనుషులు తగలని పల్లెల్లో ఇంకెంతమంది దీప్తిలు గొర్రెల వెనకే పరుగెడుతున్నారో అనిపిస్తుంది. ఆ కోటిలో పదో వంతు ముందుగా వరంగల్ జిల్లా భవిత కేంద్రాలకు వెళ్తే ఏమవుతుందో చూడాలని ఉంది నాకు.

పతకం తేలేని పిల్లల మీద ప్రభుత్వం ఎందుకు ఖర్చు పెట్టాలి? మా బంధువులే అడుగుతున్నారు.

మా ఆడపడుచు కూడా అడిగింది. ఆమెకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మన ఊళ్లలో ప్రభుత్వం కట్టిన పార్కుల్లో, వాకింగ్ ట్రాకుల మీద నడిచేవాళ్లు ఎవరూ పతకం తేవడం లేదు. వాళ్ల ఆరోగ్యం కోసం పెట్టారు, అంతే. మన పిల్లలకు అది ఇంకా ఎక్కువ కావాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు తేలిగ్గా బరువు పెరుగుతారు, థైరాయిడ్, గుండె సమస్యలు వాళ్లలో ఎక్కువ. ఇంట్లో టీవీ ముందు కూర్చోబెడితే అవన్నీ ముదురుతాయి.

ఇంకొకటి. బడిలో మా వాడికి తెలిసిన పిల్లలు ఎందరో ఉన్నారు, పుట్టినరోజుకు పిలిచే ఫ్రెండ్ మాత్రం ఒక్కడూ లేడు. యూనిఫైడ్ స్పోర్ట్స్ అని ఒక పద్ధతి ఉంది. మేధో వైకల్యం ఉన్నవాళ్లు, లేనివాళ్లు ఒకే జట్టులో ఆడతారు. మా గ్రౌండ్‌లో తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు వీడితో కలిసి అలా ఆడటం మొదలుపెట్టాడు. పోయిన సంక్రాంతికి ఇంటికొచ్చి "ఆంటీ, వీణ్ని గాలిపటాలకు తీసుకెళ్తా" అన్నాడు. మా వాడు చెప్పులు వేసుకోకుండానే బయటికి పరుగెత్తాడు. అంతకుముందు పదిహేనేళ్లలో వాణ్ని అలా పిలవడానికి మా గుమ్మం దాకా ఎవరూ రాలేదు.

కంపెనీల డబ్బు అడగొచ్చా?

అడగొచ్చు. కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఆ జాబితాలో పారాలింపిక్ క్రీడలు, ఒలింపిక్ క్రీడలు, గ్రామీణ క్రీడల శిక్షణ ఉన్నాయి. ప్రత్యేక విద్య కూడా ఉంది. స్పెషల్ ఒలింపిక్స్ అనే మాట విడిగా లేదు కాబట్టి ప్రతిపాదనలో ప్రత్యేక విద్య, గ్రామీణ క్రీడలు రెండూ రాయండి. డబ్బు తీసుకునే సంస్థకు ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏ, 80జీ నమోదు, కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్‌ఆర్-1 నమోదు ఉండాలి. అయితే కంపెనీ డబ్బు ఈ ఏడు వస్తుంది, వచ్చే ఏడు రాకపోవచ్చు. దాన్ని చూపించి సర్కారు తప్పుకోకుండా చూసుకోవాలి.

ఇస్తున్న డబ్బు ఆపేస్తే ఏం చేయాలి?

డబ్బున్న దేశాల్లోనూ ఇది జరిగింది. 2019 మార్చిలో అమెరికా విద్యా శాఖ స్పెషల్ ఒలింపిక్స్‌కు ఇచ్చే 1 కోటి 76 లక్షల డాలర్లను పూర్తిగా తీసేద్దామని ప్రతిపాదించింది. విద్యా మంత్రి బెట్సీ డెవోస్‌ను పార్లమెంటు సభ్యులు నిలదీశారు, తల్లిదండ్రులు, క్రీడాకారులు గట్టిగా మాట్లాడారు. రోజుల్లోనే అధ్యక్షుడు ట్రంప్ ఆ డబ్బు ఉంటుందని ప్రకటించాల్సి వచ్చింది. అక్కడ అందరికీ ఒక అంకె తెలుసు కాబట్టి దాన్ని పట్టుకుని అడగగలిగారు.

మనకు ఆ అంకె తెలియదు. అందుకే ముందు ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు వేయండి. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. "గత మూడేళ్లలో జిల్లాలో దివ్యాంగుల క్రీడలకు ఎంత మంజూరైంది, ఎంత ఖర్చైంది, అందులో మేధో వైకల్యం ఉన్నవాళ్లు ఎంతమంది?" ఈ మూడూ అడిగితే చాలు. జవాబు పట్టుకుని సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ పెట్టండి. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో పీజీఆర్‌ఎస్. అక్కడా తేలకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు రాయండి. ఆ కమిషనర్‌కు అధికారుల్ని పిలిపించే, కాగితాలు తెప్పించే సివిల్ కోర్టు అధికారాలున్నాయి. ఒక్కరే కాకుండా ఐదారుగురు తల్లిదండ్రులు కలిసి సంతకాలు పెడితే మంచిది. ఒక్క అమ్మ వెళ్తే ఓదార్పు మాటలు చెప్పి పంపేస్తారు.

డౌన్ సిండ్రోమ్ ఉన్న పాపను ఆటల్లో చేర్చుకునే ముందు మెడ ఎక్స్‌రే ఎందుకు అడుగుతున్నారు?

కొందరిలో మెడ పైభాగంలోని ఎముకల కీలు వదులుగా ఉంటుంది. అలాంటివాళ్లు పల్టీలు కొట్టడం, తలకిందులుగా ఈతకొలనులోకి దూకడం ప్రమాదం. దీని కోసం విడిగా డబ్బు పెట్టక్కర్లేదు, ప్రభుత్వ ఆసుపత్రిలో ఆర్థోపెడిక్ ఓపీలో చూపించండి. రిపోర్టు కాపీ కోచ్ దగ్గర ఒకటి, మీ బ్యాగులో ఒకటి ఉంచండి.

పిల్లలకు పద్దెనిమిదేళ్లు దాటాయి. వాళ్ల పేరున వచ్చే డబ్బు మేం తీసుకోవచ్చా?

పద్దెనిమిది నిండాక మన బిడ్డకు మనం చట్టం దృష్టిలో సంరక్షకులం కాకుండా పోతాం. నేషనల్ ట్రస్ట్ చట్టం, 1999 ప్రకారం కలెక్టర్ ఉండే స్థానిక స్థాయి కమిటీ లీగల్ గార్డియన్ సర్టిఫికెట్ ఇస్తుంది. కొన్ని బ్యాంకులు అది లేకుండా ఖాతా తెరవడానికి వెనకాడతాయి, అవార్డు డబ్బు మాత్రం పిల్లవాడి ఖాతాలోకే పడాలి. అందుకని పద్దెనిమిదో పుట్టినరోజు అయిన వెంటనే దరఖాస్తు పెట్టండి. యూడీఐడీ కార్డు, ఇద్దరి ఆధార్‌లు, పుట్టినతేదీ పత్రం, ఫొటోలు దగ్గరుంచుకోండి. కమిటీ సమావేశం ఎప్పుడుందో జిల్లా దివ్యాంగుల సంక్షేమ శాఖ ఆఫీసులో ముందే కనుక్కుని వెళ్లండి, ప్రతి నెలా కూర్చోవాలని లేదు. మా వాడికి ఇంకా రెండేళ్లుంది. ఫైలు మాత్రం ఇప్పుడే కట్టి పెట్టాను.